మధ్యాహ్నం మూడున్నర దాటాకే నా సోలార్ గ్రీన్‌హౌస్ ఎందుకు ఉడికిపోతోంది?

ఎండుగాలి (ప్రశ్న)

నమస్కారం అండీ. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. పూత రాలిపోతుంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నా గ్రీన్‌హౌస్ 16 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు. ఒక చివర గోడంతా కూలింగ్ ప్యాడ్ (నీళ్లు పారుతుంటే గాలిని చల్లబరిచే అట్టల గోడ), మీటరు ఎత్తు, 100 మిల్లీమీటర్ల మందం. రెండో చివర రెండు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ఒక్కొక్కటి 1.1 కిలోవాట్. ప్యాడ్‌కి నీళ్లు ఎక్కించే పంపు అర హెచ్.పి. పక్కనే నేల మీద 3.3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి. బ్యాటరీ లేదు. "ఎండ ఉన్నప్పుడే కదా చల్లదనం కావాలి, బ్యాటరీ దండగ" అని బిగించినవాళ్లు అన్నారు, నాకూ సబబే అనిపించింది. ఫ్యాన్లు, పంపు మూడూ ఒకే వి.ఎఫ్.డి (హెర్ట్జ్ మార్చి మోటారు వేగాన్ని పెంచే, తగ్గించే పెట్టె) మీద నడుస్తాయి. కరెంటు లైను లేదు.

పంట టమాటా, నాటి 50 రోజులైంది. నిన్న రాసుకున్న అంకెలు ఇవి. మధ్యాహ్నం 12కి బయట 42 డిగ్రీలు, తేమ 15 శాతం. లోపల ప్యాడ్ దగ్గర 29, మధ్యలో 33, ఫ్యాన్ల దగ్గర 38. సాయంత్రం 4కి బయట 40కి తగ్గింది, తేమ మాత్రం అంతే. లోపల ప్యాడ్ దగ్గర 34, ఫ్యాన్ల దగ్గర 41! బయటికంటే లోపలే ఎక్కువ. అప్పుడు వి.ఎఫ్.డి మీద 36 హెర్ట్జ్ చూపిస్తోంది, మధ్యాహ్నం 50 ఉంటుంది.

ఫ్యాన్ల వైపు సగంలో పూత కాడ దగ్గర పసుపు పచ్చగా మారి, వేలితో తాకితే రాలిపోతోంది. ప్యాడ్ వైపు వరుసల్లో పిందెలు బాగానే కట్టాయి. ఎండ తగలకుండా మొక్కల పైన, లోపలే, 50 శాతం నల్ల షేడ్ నెట్ కట్టాను.

ఇంకో ఫ్యాను, ఇంకో నాలుగు ప్యానెళ్లు తీసుకుందామనుకుంటున్నాను. ప్యానెళ్లు గ్రీన్‌హౌస్ కప్పు మీదే పెడితే నీడ కూడా వస్తుందని ఒకరు చెప్పారు. ఏం చేయమంటారు?

పెరటిపందిరి

నెట్ గురించి ఒక్క మాట చెప్పి వెళ్తాను. నల్ల నెట్ లోపల కట్టకండి. ఎండని అది ఆపుతుంది నిజమే, కానీ ఆపిన వేడినంతా తనే పీల్చుకుని మళ్లీ మీ గ్రీన్‌హౌస్ లోపలికే వదులుతుంది. మధ్యాహ్నం నెట్ కింద తల పెట్టి చూడండి, పొయ్యి దగ్గర నిలబడ్డట్టు ఉంటుంది. అదే నెట్ కప్పు బయట ఒక అడుగు ఎత్తున కడితే వేడి గాలికి పోతుంది. తెల్లదో, వెండి పూత ఉన్నదో అయితే ఇంకా మేలు.

నెట్ కూడా అక్కర్లేదనుకుంటే కప్పు మీద సుద్ద పూత కొట్టండి. స్పెయిన్‌లోని అల్మెరియాలో వేల హెక్టార్ల ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్‌లున్నాయి. వాటిలో చాలావాటికి ఫ్యాన్లే ఉండవు. వేసవిలో తెల్లపూత, కిటికీల గాలి, అంతే.

జాజితీగ

ఎండుగాలి గారూ, ఫ్యాన్ కొనకండి. ఒక్క వారం ఆగండి. మీ జబ్బేమిటో మీరు రాసిన అంకెలే చెబుతున్నాయి. ఇంత శ్రద్ధగా రాసుకున్నారు కాబట్టే నేను ఇక్కడ కూర్చుని చెప్పగలుగుతున్నాను.

ముందు ప్యాడ్ ఎంత చల్లబరచగలదో చూద్దాం. థర్మామీటర్ బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలిలో పెడితే ఎంత చూపిస్తుందో, ప్యాడ్ అంతకంటే కిందికి గాలిని తీసుకెళ్లలేదు. 42 డిగ్రీలు, 15 శాతం తేమ ఉన్నప్పుడు ఆ తడి బల్బు లెక్క 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే మీకు 20 డిగ్రీల అవకాశం ఉంది. పొడిగాలి ప్రాంతానికి ఉన్న వరం ఇదే. అదే 38 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్నచోట తడి బల్బు 29, అక్కడ ఎంత మంచి ప్యాడ్ పెట్టినా 31 కంటే కిందికి రావడం కష్టం. మంచి ప్యాడ్ ఆ అవకాశంలో 80 శాతం దాకా వాడుకుంటుంది. మీకు మధ్యాహ్నం 26 రావాలి, 29 వస్తోంది. అంటే 65 శాతమే. ప్యాడ్ అక్కడక్కడా తడవడం లేదన్నమాట. ఇది చిన్న లోపం.

అసలు గొడవ 4 గంటలది. బయట 40 అంటే తడి బల్బు 21. ఫ్యాన్లు 36 హెర్ట్జ్‌కి నెమ్మదించాయి కాబట్టి గాలి ప్యాడ్‌లోంచి నిదానంగా వస్తుంది, ఎక్కువసేపు తడిని తాకుతుంది. అప్పుడు ప్యాడ్ ఇంకా బాగా పనిచేయాలి. మీకేమో 19 డిగ్రీల అవకాశంలో 6 డిగ్రీలే తగ్గింది. దీనికి నాకు తోచే కారణం ఒక్కటే, ఆ వేళకి ప్యాడ్ ఎండిపోతోంది.

ఎందుకంటే పంపు, ఫ్యాన్లు ఒకే వి.ఎఫ్.డి మీద ఉన్నాయి. వేగం తగ్గితే ఫ్యాన్, పంపు ఒకేలా ప్రవర్తించవు. 36 హెర్ట్జ్ దగ్గర ఫ్యాన్ గాలి 72 శాతం ఇస్తుంది, కరెంటు 37 శాతమే తింటుంది. ఇది ఫ్యాన్లలో ఉన్న గొప్ప గుణం, ఎండ తగ్గినప్పుడు మనల్ని కాపాడేది ఇదే. పంపు సంగతి వేరు. దాని ఒత్తిడి వేగానికి వర్గంలో పడిపోతుంది. 36కి వచ్చేసరికి ఒత్తిడి దాదాపు సగం. నీళ్లు పైకి ఎక్కుతాయి, కానీ ప్యాడ్ పైనున్న బెజ్జాల పైపులో మొదటి కొన్ని మీటర్లకే సరిపోతాయి. చివర బెజ్జాల్లోంచి చుక్క రాదు. పొడి అట్టలోంచి దూరిన గాలి బయటి గాలే, దాన్ని ఫ్యాన్లు బుద్ధిగా లోపలికి లాగుతుంటాయి. మూడో ఫ్యాన్ పెడితే ఇంకా గట్టిగా లాగుతుంది. పైగా అది కూడా అదే కరెంటులో వాటా అడుగుతుంది, మీ 36 ఇంకా తగ్గుతుంది.

ఇది నాకు తెలిసేసరికి రెండు పంటలు పోయాయి. నేనూ మీలాగే ఫ్యాన్ల మీద అనుమానపడ్డాను, బెల్టులు మార్చాను. ఒక సాయంత్రం విసుగొచ్చి ప్యాడ్ మీద అరచెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. మొదట చెయ్యి జిల్లుమంది. తొమ్మిదో మీటరు దగ్గర తడి పలచబడింది. పదకొండో మీటరు దాటగానే అట్ట గరుగ్గా, వెచ్చగా, ఎండలో పెట్టిన పుస్తకం అట్టలా తగిలింది. అక్కడే నిలబడిపోయాను. అన్ని నెలలుగా రోజూ ఆ ప్యాడ్ ముందు నుంచే నడిచాను, ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

మీరూ రేపు 4 గంటలకి అదే చేయండి. కంటికి కూడా తెలుస్తుంది. తడిసిన ప్యాడ్ ముదురు గోధుమ రంగులో ఉంటుంది, పొడిది లేత రంగులోకి తిరుగుతుంది. లోపల నిలబడి బయటికి చూస్తే పొడి గీతలు నిలువునా కనిపిస్తాయి. ఆ గీతలు మధ్యాహ్నం కూడా ఉంటే పైపు బెజ్జాలు ఉప్పుతో మూసుకున్నాయని అర్థం. చివర మూత తీసి పైపు కడిగి, ఒక్కో బెజ్జం సన్నటి తీగతో పొడవండి. 100 మిల్లీమీటర్ల ప్యాడ్‌కి మీటరు పొడవుకి నిమిషానికి ఆరు లీటర్ల చొప్పున నీళ్లు పారాలి. మీ 16 మీటర్లకి వంద లీటర్లు. బకెట్, గడియారం పెట్టుకుని కొలవండి, అంచనా వద్దు.

పంపుని మాత్రం ఆ వి.ఎఫ్.డి నుంచి విడదీయండి. మీకు పెద్ద బ్యాటరీ అవసరం లేదు. అర హెచ్.పి పంపు నాలుగు గంటలు నడవడానికి రెండు యూనిట్ల కరెంటు చాలు. పడమర ముఖంగా విడిగా మూడు ప్యానెళ్లు, రెండున్నర యూనిట్లు పట్టే చిన్న లిథియం బ్యాటరీ, చిన్న ఇన్వర్టర్. ఇప్పుడున్న ప్యానెళ్లలోనే మూడింటిని పడమరకి తిప్పేద్దామని మాత్రం అనుకోకండి. ఒకే సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా కలిపిన వరుసలో) ఉన్నవాటిలో కొన్నిటికి ఎండ తక్కువ తగిలితే మిగతావాటి కరెంటు కూడా దాంతోపాటే పడిపోతుంది.

కప్పు మీద ప్యానెళ్లు వద్దు. నీడ మంచిదే కానీ ప్యానెల్ నీడ మెల్లగా కదిలే మచ్చలా ఒకే వరుస మీద గంటలకొద్దీ పడుతుంది. ఆ వరుస నీరసపడుతుంది, పక్క వరుస మాడుతుంది. పైగా ప్యానెల్ వేడెక్కే కొద్దీ కరెంటు తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.4 శాతం దాకా పోతుంది. 65 డిగ్రీలకి ఎక్కిన ప్యానెల్ ఆరో వంతు దాకా పోగొట్టుకుంటుంది. నేల మీద, వెనక గాలి ఆడేలా ఉండటమే నయం. దుమ్ము వారానికోసారి తుడవండి.

పెరటిపందిరి గారు చెప్పిన నెట్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఎండలో ఉన్న శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే. మొక్క వాటితో ఆహారం తయారు చేసుకోలేదు, అవి లోపలికొచ్చి వేడి చేయడం తప్ప చేసేదేమీ లేదు. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకి వెయ్యి వాట్ల ఎండ పడుతుంది. అందులో 70 శాతం కప్పు దాటి వచ్చిందనుకుంటే మీ 480 చదరపు మీటర్లలోకి 336 కిలోవాట్ల వేడి వస్తోంది. దాన్ని బయటికి తోయడానికి మీ దగ్గరున్నవి 2.2 కిలోవాట్ల ఫ్యాన్లు. వేడిని లోపలికొచ్చాక తోయడం కంటే గుమ్మం దగ్గరే ఆపడం ఎప్పుడూ సులువు. నా మటుకు నేను ముందు నీడ, తర్వాత సందులు మూయడం, ఆ తర్వాత నీళ్లు, అన్నిటికంటే చివర మోటార్లు చూస్తాను.

సందులంటే గుర్తొచ్చింది. ఫ్యాన్లు నడుస్తుండగా ఒక గుడ్డపేలిక ముట్టించి, మంట ఆర్పి, పొగ వస్తుండగా తలుపు అంచుల వెంబడి, ప్యాడ్ ఫ్రేమ్ చుట్టూ తిప్పండి. పొగ లోపలికి పీల్చుకుపోయిన ప్రతిచోటా వేడిగాలి దూరుతోందన్నమాట. గాలి ఎప్పుడూ సులువైన దారే చూసుకుంటుంది. నాకు ఫ్యాన్ల పక్కనున్న తలుపు కింద నాలుగు వేళ్ల సందు దొరికింది. చివరి మూడు వరుసలు ఎందుకు మాడుతున్నాయో అప్పుడు తెలిసింది.

ఎండుగాలి

జాజితీగ గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఈరోజు 4 గంటలకి చెయ్యి ఆనించి నడిచాను. మీకు పదకొండో మీటరు, నాకు ఎనిమిదో మీటరు! సగం ప్యాడ్ పొడిగా ఉంది. మధ్యాహ్నం కూడా మూడు చోట్ల నిలువు గీతలున్నాయి. బకెట్‌తో కొలిస్తే మధ్యాహ్నం నిమిషానికి 85 లీటర్లు, 4 గంటలకి 40 కూడా లేదు.

నిన్నంతా టెన్షన్‌తో ఉన్నాను, ఇప్పుడు కనీసం ఏం చేయాలో తెలిసింది. రెండు సందేహాలు. ప్యాడ్ బదులు ఫాగర్లు (నీళ్లని పొగమంచులా చిమ్మేవి) పెడితే తక్కువ నీళ్లతో పని అవుతుందా? నాకు రోజుకి మూడు వేల లీటర్లు ఆవిరైపోతున్నాయి, నీళ్ల గురించి బెంగగా ఉంది. రెండోది, డ్రిప్ నీళ్లు పొద్దెక్కాక వేడిగా వస్తున్నాయి, దానివల్ల నష్టమా?

ఉప్పునేల

నీళ్ల సంగతి నేను చెబుతాను, నాకు అందిన నీళ్లే ఉప్పగా ఉంటాయి కాబట్టి దీంతోనే బతుకుతున్నాను.

లీటరు నీళ్లు ఆవిరైతే 0.68 యూనిట్ల వేడి పోతుంది. ప్యాడ్ అయినా ఫాగర్ అయినా ఆ లెక్క మారదు. అంతే వేడి తీయాలంటే అన్నే నీళ్లు కావాలి. నీళ్లు తగ్గాలంటే నీడ పెంచాలి, వేరే దారి లేదు. ఎక్కువ మందికి తట్టని నష్టం ఇంకోటుంది. ప్యాడ్‌కి ఎక్కి దిగే తొట్టి నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం తొట్టిలోనే ఉంటుంది. రోజురోజుకీ చిక్కబడి ప్యాడ్ మీద తెల్లటి గచ్చులా పేరుకుంటుంది. మూడు లీటర్లు ఆవిరైన ప్రతిసారీ ఒక లీటరు బయటికి వదిలేస్తే ఉప్పు నాలుగు రెట్ల దగ్గర ఆగుతుంది. మీ మూడు వేలకి వెయ్యి. ఆ వెయ్యి వృథా అనిపిస్తుంది, కానీ అది వదలకపోతే ప్యాడే మార్చాల్సి వస్తుంది. వదిలిన నీళ్లు టమాటాకి పెట్టకండి, ఉప్పుకి తట్టుకునే చెట్ల మొదట్లో పోయండి.

ఉప్పునీళ్లతో ప్యాడ్ నడపలేమని కాదు. సముద్రపు నీళ్లతోనే గ్రీన్‌హౌస్ చల్లబరిచే ప్రయోగం 1992లో స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో మొదలైంది. ఆస్ట్రేలియాలో పోర్ట్ ఆగస్టా దగ్గర 2016లో ప్రారంభమైన 20 హెక్టార్ల టమాటా గ్రీన్‌హౌస్‌లో 23,000కు పైగా అద్దాలు 127 మీటర్ల టవర్ మీదికి ఎండని తిప్పుతాయి. ఆ వేడితో సముద్రపు నీళ్లని మంచినీళ్లుగా మార్చి మొక్కలకి ఇస్తారు. ప్యాడ్‌లు తడపడానికి సముద్రపు నీళ్లే వాడతారు. మొక్కకి మంచినీళ్లు, గాలికి ఉప్పునీళ్లు. చిన్న రైతుకి అంత హంగు కుదరదు కానీ ఆ పద్ధతి మనమూ పాటించవచ్చు. నేను డ్రిప్‌కి వాననీళ్లు దాచుకుని, ప్యాడ్‌కి బోరు నీళ్లు వాడతాను. రెండు తొట్లు, రెండు పైపులు, ఎప్పుడూ కలవనివ్వను.

జాజితీగ

ఉప్పునేల గారు నీళ్ల లెక్క నాకంటే బాగా చెప్పారు. ఫాగర్ గురించి నేను చూసింది చెబుతాను. తక్కువ ఒత్తిడితో నడిచే ఫాగర్ల చుక్క పెద్దది. గాలిలో ఉండగానే ఆవిరి కాక ఆకు మీద పడుతుంది. ఆ తడి ఆరిన చోట ఉప్పు మచ్చ, ఆరని చోట తెగులు. చుక్క పొగమంచంత సన్నగా రావాలంటే 70 బార్ల ఒత్తిడి, బాగా వడకట్టిన, ఉప్పు తక్కువున్న నీళ్లు కావాలి. మీ సోలార్‌కి, మీ నీళ్లకి అది అతకదు. ప్యాడ్‌తోనే ఉండండి.

సాయంత్రం ఇంకో పని చేయండి. ముందు పంపు ఆపి, ఫ్యాన్లు ఇంకో అరగంట నడవనివ్వండి. ప్యాడ్ రోజుకోసారి పూర్తిగా ఆరితే నాచు పట్టదు. తర్వాత పక్క కిటికీలు, తలుపులు అన్నీ తెరిచేయండి. పొడి ప్రాంతంలో మబ్బులేని రాత్రి ఆకాశమే వేడిని లాగేస్తుంది, దానికి కరెంటు అక్కర్లేదు. టమాటాకి పగటి ఎండ ఎంత ముఖ్యమో రాత్రి చల్లదనం అంత ముఖ్యం. పగలు 32 దాటి, రాత్రి కూడా 22, 23 దిగకపోతే పుప్పొడి దెబ్బతిని పిందె కట్టదు. చాలామంది పగలు పడ్డ కష్టమంతా రాత్రి తలుపులు మూసి పోగొట్టుకుంటారు.

డ్రిప్ నీళ్ల గురించి మంచి ప్రశ్న వేశారు. ఎండలో పడున్న నల్ల పైపులో నిలిచిన నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. మోటారు వేయగానే మొదట వచ్చేవి ఆ నీళ్లే, అవి నేరుగా లేత వేళ్ల మీద పడతాయి. మెయిన్ పైపు జానెడు లోతున పూడ్చండి. లేదా గడ్డి కప్పండి. ఎండెక్కాక నీళ్లివ్వాల్సి వస్తే మొదటి రెండు నిమిషాల నీళ్లు చివర వాల్వ్ తెరిచి బయటికి పోనివ్వండి.

ఒక చిన్న పరీక్ష కూడా చెబుతాను. మధ్యాహ్నం ఆకు వెనక్కి చేతి వెనుక భాగం ఆనించండి. ఆకు చల్లగా తగిలితే మొక్క నీళ్లు తాగి చెమట పడుతోంది, భయం లేదు. గాలంత వెచ్చగా ఉంటే ఆకు రంధ్రాలు మూసుకుంది, ఇక మీ గ్రీన్‌హౌస్ వేడిలో తన వాటా అది మోయడం మానేసింది. నిండుగా ఆకులున్న పంట లోపలికొచ్చే వేడిలో దాదాపు సగం తనే ఆవిరి చేసి పంపేస్తుంది. మీ పక్కన నిలబడి పనిచేసే మనిషిలాంటిది అది. అందుకే ఎండాకాలంలో ఆకులు ఎక్కువ తుంచకండి.

థర్మామీటర్ ఎక్కడ వేలాడదీశారో కూడా చూసుకోండి. ఎండ నేరుగా తగిలితే అసలు కంటే చాలా ఎక్కువ చూపిస్తుంది.

ఎండుగాలి (మూడు వారాల తర్వాత)

అందరికీ నమస్కారం. ఏం జరిగిందో చెబుదామని మళ్లీ రాస్తున్నాను.

నల్ల నెట్ తీసేసి తెల్ల నెట్ కప్పు బయట కట్టాను. పైపు కడిగి బెజ్జాలన్నీ పొడిచాను, ఒక దాంట్లోంచి బియ్యపు గింజంత ఉప్పు పెళ్ల రాలింది. పంపుని విడదీసి మూడు ప్యానెళ్లు పడమరకి పెట్టాను. పొగ పరీక్షలో తలుపు కింద, ప్యాడ్ ఎడమ అంచున సందులు దొరికాయి, రబ్బరు పట్టీ వేశాను. మూడో ఫ్యాన్ కొనలేదు.

నిన్న 4 గంటలకి బయట 41. ప్యాడ్ దగ్గర 25, మధ్యలో 28, ఫ్యాన్ల దగ్గర 32. వి.ఎఫ్.డి అదే 36 హెర్ట్జ్ మీద ఉంది. ప్యాడ్ ఆ చివర దాకా చల్లగా ఉంది, రోజూ చెయ్యి ఆనించి నడవడం అలవాటైపోయింది. 

ప్యాడ్ వైపు నుంచి మూడింట రెండొంతుల వరుసల్లో కొత్త పూత నిలబడింది. ఫ్యాన్ల పక్కన చివరి రెండు వరుసల్లో ఇంకా సగం రాలుతోంది. అక్కడ టమాటా తీసేసి వేడికి ఓర్చుకునే కీరదోస వేద్దామనుకుంటున్నాను. జాజితీగ గారూ, సరేనంటారా?

జాజితీగ

సరేనండీ, వేయండి. అంకెలు చూసి చాలా సంతోషమేసింది. కీరదోస తీగ పైకి పాకి ఫ్యాన్లకి అడ్డం రాకుండా, ఫ్యాన్ ముందు మీటరున్నర ఖాళీ వదలండి.